బాపట్ల మీదుగా మేజరమ్మ నామినేషన్‌కి

శనివారం ఉదయం ఏడు దాటాక తెనాలి స్టేషన్లో బాపట్ల వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కాను. చేతిలో గుడ్డసంచి, అందులో రెండు చీరలు, ప్రార్థన పుస్తకం, నీళ్ల సీసా. మా కృపావతి రేపల్లె అసెంబ్లీ స్థానానికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడుతోంది. సోమవారం నామినేషన్లకు ఆఖరి రోజు. మూడు రోజులు తోడుండమని ఫోన్ చేసింది.

"ఓట్లు అడగడానికి కాదక్కా. పక్కన మన మనిషి ఒకరుంటే చాలు" అంది.

ఆ మాట దగ్గరే నాకు కోపం మొదలయింది. నగరం మండలంలో ఆమె పుట్టిన ఊళ్లో నిండా మన చర్చి సంఘమే. అందరూ మన మనుషులే. అలాంటప్పుడు పక్కన కూర్చోవడానికి తెనాలి నుంచి నన్ను పిలవాల్సిన అవసరం ఏమొచ్చింది?

తెలియనివారికి చెప్పాలి. నేను మిషన్ బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం మొదట్లో ఆ ఊళ్లోనే పనిచేశాను. సండే స్కూల్లో కృపావతికి వాక్యాలు కంఠతా పట్టించింది నేనే. తర్వాత ఆమె నర్సింగ్ చదివి సైనిక ఆస్పత్రుల్లో ఆఫీసరుగా చేరింది, మేజరు హోదాలో బయటికొచ్చింది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, అనూష, బాపట్లలో డిగ్రీ చదువుతోంది. ఊళ్లో అందరూ ఆమెను మేజరమ్మ అంటారు. కొందరు గౌరవంగా, కొందరు వెటకారంగా.

ఎన్నికల ఆలోచన ఆమెకు పోయిన వానాకాలంలో వచ్చింది. ఊళ్లో సుందరమ్మ అనే విధవరాలి మనవరాలికి నొప్పులొస్తే, దగ్గరున్న ఆరోగ్య కేంద్రంలో నర్సు లేదు. ఆటోలో రేపల్లె తీసుకెళుతుంటే గుంతల రోడ్డు మీదే కాన్పయింది. ఆ ఆటోలో కృపావతి ఉంది కాబట్టి తల్లీబిడ్డా బతికారు. ఆ కేంద్రంలో నర్సును వెయ్యమని ఆమె తిరగని ఆఫీసు లేదు. ఒక నాయకుడు "రిటైరయ్యారుగా అమ్మా, ఇంటి దగ్గర పిల్లకి సంబంధాలు చూసుకోండి" అన్నాడట. ఆ రోజే నిర్ణయించుకున్నానని నాతో చెప్పింది.

రైల్లో నా ఎదురుగా తెల్లచొక్కా పెద్దాయన కూర్చున్నాడు. నిడుబ్రోలు వచ్చేలోపు నేనెక్కడికెళుతున్నానో రాబట్టేశాడు.

"మిలిటరీలో నర్సమ్మా?" అన్నాడు. "పింఛనొస్తుందిగా. హాయిగా కూచుని తినక ఈ రొచ్చులోకి ఎందుకండి?"

"మీకు పింఛనొస్తుందాండి?" అన్నాను.

"వస్తుందండి. టీచరుగా చేశాను."

"మరి మీరు నిన్న రచ్చబండ దగ్గర రాజకీయాలు మాట్లాడకుండా కూర్చున్నారా?"

పక్కనున్న పూలమ్మే ఆమె నవ్వేసింది. ఆయన కిటికీ వైపు తిరిగి, "మాట్లాడ్డం వేరు, నిలబడ్డం వేరండి" అన్నాడు. అది మాత్రం నిజమే. ఈ మూడు రోజుల్లో నేను చూసిందంతా ఆ తేడానే.

బాపట్లలో దిగేసరికే ఎండ మాడుస్తోంది. ఆటోకి నలభై అడిగాడు, ముప్ఫైకి వచ్చాడు. కృపావతి అద్దె ఇల్లు కాలేజీ దగ్గర సందులో ఉంది. ఆమె ఎప్పుడో లేచి స్నానం, ప్రార్థన, ఇస్త్రీ అన్నీ ముగించి గుమ్మంలో నిలబడి ఉంది. సైన్యం వదిలినా ఆ అలవాటు ఆమెను వదల్లేదు. అనూష ఇడ్లీ, అల్లప్పచ్చడి పెట్టింది. తింటుండగా కృపావతి లెక్క చెప్పింది. పార్టీ అండ లేని అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి. వాళ్లందరూ ఆ నియోజకవర్గం వాళ్లే అయి ఉండాలి. నిజాంపట్నం హార్బరు దగ్గర జాలరిపేటలో నలుగురు ఒప్పుకున్నారు. మిగతా ఆరుగురు మా సంఘం వాళ్లు.

"సంఘం వాళ్ల గురించి బెంగ లేదక్కా" అంది. "చిన్నప్పటి నుంచి ఒకే వరసలో మోకరించినవాళ్లం."

పది గంటల బస్సుకి ముగ్గురం బయల్దేరాం. కర్లపాలెం మీదుగా వెళ్లే బస్సు. ఆడవాళ్లం కిటికీ పక్క సీట్లు పట్టాలంటే బస్టాండులో ముందే నిలబడాలి, కర్లపాలెంలో ఎక్కితే నిలబడే ప్రయాణం. రొయ్యల చెరువుల మీంచి వేడిగాలి కొట్టింది. కండక్టరు కృపావతిని గుర్తుపట్టాడు.

"మేజరు గారండి, నిజం చెప్పండి. మీరెప్పుడన్నా తుపాకీ పట్టుకున్నారా?"

"తుపాకీ పట్టుకున్నవాళ్లని పట్టుకున్నాను బాబూ" అంది కృపావతి. "మంచుకి కాలివేళ్లు నల్లబడిపోయి వచ్చేవాళ్లు. కట్టు విప్పేటప్పుడు నా చెయ్యే పట్టుకునేవాళ్లు."

అతను ముందుకెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, "మా ఆవిడ ఓటు కూడా రేపల్లెలోనేనండి" అని చెప్పి వెళ్లాడు.

వేట నిషేధం రోజులు కావడంతో హార్బరులో పడవలన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. వేలం పాటల గోల లేదు. మగవాళ్లు తాటాకు పందిళ్ల కింద వలలు బాగుచేసుకుంటున్నారు. ఎండుచేపల వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. వెంకటేశు అనే సరంగు, అంటే పడవ నడిపేవాడు, మాకు కొబ్బరిబొండాలు కొట్టించాడు. ఇతని తల్లికి కాలిమీద పుండు మానక కాలు తీసేయాలన్నారట. కృపావతి రెండు నెలలు వచ్చి కట్లు కట్టి కాలు నిలబెట్టింది.

పందిట్లో ఒక ముసలాయన అనూషని చూసి నాలుక చప్పరించాడు. "పెళ్లికెదిగిన పిల్లని వెంటేసుకుని ఊళ్లు తిరుగుతారేంటమ్మా? ముందు దాని సంగతి చూడకూడదా?"

"నా పెళ్లికి ఓటు అక్కర్లేదు తాతా" అంది అనూష. "మా అమ్మకి వేస్తే చాలు."

పందిరంతా నవ్వింది. ముసలాయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అదే మాట ఊరూరా విన్నాను. ఆమెకి పోటీగా నిలబడ్డ పార్టీ అభ్యర్థికీ ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. వాళ్ల పెళ్లి గురించి ఆయన్ని ఎవరడిగారు? తండ్రి బయట తిరిగితే పిల్లల కోసం, తల్లి బయట తిరిగితే పిల్లల్ని వదిలేసి. ఈ కొలత ఏ లేఖనంలో ఉందో నాకెవరైనా చూపించాలి.

ఆ సాయంత్రం మండల కేంద్రమైన నగరం చేరి, కృపావతి ఎన్నికల కోసం అద్దెకు తీసుకున్న గదిలో దిగాం. ఫ్యాను ఉంది, కరెంటు ఉన్నంతసేపు తిరుగుతుంది. ఎదురుగా మెస్సులో భోజనం బాగుంది. గోంగూర, పప్పు, గడ్డ పెరుగు. ఎవరైనా అటు వెళితే అక్కడే తినండి.

ఆదివారం ఉదయం ఆటోలో ఊళ్లోని మా గుడికి, అంటే చర్చికి వెళ్లాం. సంస్కారపు ఆదివారం, ప్రభువు పేర రొట్టె, ద్రాక్షారసం పంచే రోజు. మా సంఘాల్లో పరిశుద్ధ సంస్కారం తీసుకునేవాళ్లు ముందురోజే పాస్టరుగారికి పేరు చెప్పుకోవడం పాత ఆచారం. ఎవరికైనా ఎవరి మీదైనా కక్ష ఉంటే ముందు సమాధానపడి రావాలని ఆ ఏర్పాటు. మంచి ఆచారం. దాన్ని ఎలా వాడారో ఆ రోజు చూశాను.

పాస్టరుగారు కుర్రాడు, మంచి గొంతు. ప్రసంగం సగంలో ఉండగా బయట కార్లు ఆగిన చప్పుడయింది. కండువాలు వేసుకున్న మనుషులతో పార్టీ అభ్యర్థి లోపలికొచ్చాడు. సంఘ పెద్ద సామ్యేలు గారు లేచి ఎదురెళ్లి, బలిపీఠం పక్కన కుర్చీ వేయించారు. ప్రసంగం ఆగింది. ఆయన్ని ముందుకు పిలిచి, తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. అందులో తప్పు లేదు. అధికారంలో ఉన్నవాళ్ల కోసం, రాబోయేవాళ్ల కోసం ప్రార్థించమని మనకు ఆజ్ఞే ఉంది. అందుకే కృపావతి కూడా లేచి వెళ్లి ఆ పక్కనే మోకరించింది.

సామ్యేలు గారు వంగి, "ఇప్పుడు కాదమ్మా, తర్వాత చూద్దాం. వెళ్లి కూర్చో" అన్నారు.

ఆమె లేచి వచ్చి కూర్చుంది. వీపు నిటారుగానే ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆమెను పిలవలేదు.

అభ్యర్థి వెళ్లిపోయాడు. రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేశారు. అప్పుడు సామ్యేలు గారు మైకు తీసుకున్నారు.

"మన సంఘం ఒక తీర్మానం చేసుకుంది. ఏకమనస్సుతో ఒక్కరికే మద్దతు. దాన్ని దాటి కొందరు వేరే కాగితం మీద సంతకానికి ఒప్పుకున్నారు. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా వాళ్లు రొట్టె తీసుకోవడానికి బల్ల దగ్గరికి రావద్దు."

తర్వాత ఆరు పేర్లు చదివారు. కృపావతి కోసం మాటిచ్చిన ఆరుగురివి.

పాస్టరుగారి వైపు చూశాను. ఆయన గిన్నె మీద కప్పిన తెల్లగుడ్డ సర్దుతున్నారు, సర్దిందే సర్దుతున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"పెద్దగారూ, ఒక్క మాట. ఆ బల్ల ఎవరిదండి?"

"మీరు తెనాలి సభ్యులమ్మా. ఇది ఈ సంఘం వ్యవహారం. కూర్చోండి."

"ప్రభువు బల్లకి తెనాలేంటి, నగరమేంటి? పాపం చేసినవాణ్ణి ఆపండి, నేనూ ఒప్పుకుంటాను. ఆస్పత్రిలో నర్సు కావాలన్న మనిషికి సంతకం పెట్టడం ఏ పాపం? ఏ ఆజ్ఞకి వ్యతిరేకం?"

"పాట ఎత్తుకోండి" అన్నారు సామ్యేలు గారు గాయకుల వైపు తిరిగి. వాళ్లు ఎత్తుకున్నారు. నా మాట పాటలో కలిసిపోయింది.

అందరూ వరసలుగా వెళ్లి మోకరించారు. సుందరమ్మ కూడా వెళ్లింది. ఆటోలో కాన్పయిన పిల్లకి అమ్మమ్మ. ఆమె పేరు ఎవరూ చదవలేదు, ఆమె ఎవరికీ మాటివ్వలేదు. రొట్టె రెండు చేతులా అందుకుంది. ఆ ఆరుగురు తలలు వంచుకుని బెంచీల మీదే ఉండిపోయారు. నేనూ కృపావతీ అనూషా వాళ్లతో పాటే కూర్చున్నాం. నలభై ఏళ్లలో ఆరోగ్యం బాగుండి గుళ్లో ఉండీ సంస్కారం తీసుకోకపోవడం నాకు అదే మొదటిసారి. ప్రభువు ఆలయంలో వ్యాపారుల బల్లలు పడదోసిన రోజున ఆయనకి ఎంత కోపం వచ్చిందో ఆ బెంచీ మీద నాకు కొంచెం తెలిసింది.

మధ్యాహ్నం ఆ ఆరుగురూ గదికి వచ్చారు. ఎవరూ లోపలికి రాలేదు, వరండాలోనే నిలబడ్డారు. పెద్దవాడు యేసుదాసు మాట్లాడాడు.

"మేజరమ్మా, ఓటు నీకే. దాంట్లో మార్పు లేదు. సంతకం మాత్రం..."

"చెప్పన్నా."

"మా నాన్న మంచంలో ఉన్నాడు. ఈ నెల దాటడు. రేపు ఆయనకి ఏమన్నా అయితే పాస్టరుగారు రావాలి, గంట కొట్టాలి, మన సమాధుల దొడ్లో చోటివ్వాలి. నేనొక్కణ్నే అయితే వేరేగా ఉండేది."

నేను నోరు తెరవబోయాను. కృపావతి నా మోచెయ్యి పట్టుకుంది.

"సరే అన్నా. నాన్నకి వీపు మీద పుళ్లు పడకుండా చూసుకో, రెండు గంటలకోసారి పక్కకి తిప్పు. మజ్జిగ తాగి వెళ్లండి" అంది.

వాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోయారు. వాళ్లని నేను తిట్టలేను. మంచంలో ఉన్న తండ్రి చావుని చూపించి కొడుకు చేతిలో కలం లాక్కున్నవాళ్లని తిడతాను. తిట్టడం పాపమైతే అది నేనే ప్రభువుకి ఒప్పజెప్పుకుంటాను.

కృపావతి వెంకటేశుకి ఫోన్ చేసింది. స్పీకరులో అతని గొంతు వినిపించింది.

"ఆరుగురేగా అక్కా? పడవలన్నీ కట్టేసే ఉన్నాయి, మనుషులకి కరువా? రేపు పొద్దున్నే దింపేస్తాను."

దేవుడి పేరు చెప్పుకునే మేము తలుపు మూస్తే, మా దేవుణ్ణి ఎరగనివాళ్లు తీశారు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

సోమవారం తొమ్మిదింటి బస్సుకి నగరం నుంచి రేపల్లె వెళ్లాం. బస్సు కదులుతుండగా సుందరమ్మ పరుగులాంటి నడకతో వచ్చి ఎక్కింది. నా పక్కన కూలబడి, "ఊరికే చూడ్డానికొస్తున్నా టీచరమ్మా. మా పిల్లని బతికించిన మనిషి కదా, చూడకుండా ఎట్టా ఉంటాను?" అంది. ఆమె టికెట్టు అనూష తీసింది.

రేపల్లెలో ఆఫీసు ముందు తాళ్లు కట్టి, పోలీసుల్ని పెట్టారు. అభ్యర్థితో పాటు నలుగురినే లోపలికి పంపుతారు. మిగతావాళ్లు రోడ్డవతల వేపచెట్టు నీడలో ఆగాలి. పార్టీ ఊరేగింపు వచ్చి, డప్పులు కొట్టి, వెళ్లిపోయింది. వెంకటేశు చెప్పినట్టే వ్యాన్లో మనుషుల్ని దింపాడు. తొమ్మిదిమంది ఉతికిన చొక్కాల్లో, అతనితో పదిమంది. చెట్టుకిందే సంతకాలు పెట్టారు. అంతా అయిపోయిందనుకుని చెరకురసం తాగాం.

మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. మూడింటికి తలుపు మూస్తారు. లోపల గుమస్తా ఓటర్ల జాబితా సరిచూసి ఒక పేరు దగ్గర ఆగాడు. "మేడం, ఇతని ఓటు ఇక్కడ లేదండి. బాపట్ల నియోజకవర్గంలో ఉంది."

బయటికొచ్చి అడిగితే ఆ జాలరి కుర్రాడు తల పట్టుకున్నాడు. పెళ్లయ్యాక అత్తారింటికొచ్చి ఇక్కడే వేటకెళుతున్నాడు, ఓటు మాత్రం పుట్టిన పేటలోనే ఉండిపోయింది. "ఓటు కూడా ఇల్లరికం రావాలని నాకేం తెలుసు మావా?" అన్నాడు వెంకటేశుతో. కుర్రాడికి కళ్లనీళ్లు తిరిగాయి. నిజాంపట్నం నుంచి ఇంకొకర్ని రప్పించాలంటే గంటకు పైనే. ఆ టైము లేదు. కృపావతి గడియారం చూసుకుంది. అనూష రోడ్డు మీద వెళ్లేవాళ్లని ఆపి "మీ ఓటు ఎక్కడండి?" అని అడగడం మొదలుపెట్టింది. జనం తప్పుకుని పోతున్నారు.

సుందరమ్మ నా చెంగు పట్టుకుని లాగింది.

"నా ఓటు ఇక్కడేగా టీచరమ్మా? నాకు సంతకం రాదు. వేలిముద్ర పనికొస్తుందా?"

పనికొస్తుంది. కాకపోతే అధికారి ఎదుటే వెయ్యాలి. అది చెప్పాను. ఆమె తలూపింది, కానీ కదల్లేదు.

"ఒక మాట చెప్పమ్మా. నువ్వు వాక్యం చదువుకున్న మనిషివి. నేను ఈ ముద్ర వేస్తే, నేను చచ్చేలోపు నాకు మళ్లీ రొట్టె ఇస్తారా?"

ఇస్తారని చెప్తే అబద్ధం. ఇవ్వరని చెప్తే కృపావతి సంగతి అక్కడితో సరి. "తెలియదమ్మా" అన్నాను. "నిజంగా నాకు తెలియదు."

కృపావతి విన్నది. "వద్దు పెద్దమ్మా" అంది వెంటనే. "నీకు బల్ల దూరం చేసి నాకు సీటొద్దు. ఎన్నికలు మళ్లీ వస్తాయి."

"నువ్వూరుకో" అంది సుందరమ్మ. "ఆటోలో మా పిల్ల కాళ్లమధ్య నువ్వు చేతులు పెట్టినప్పుడు నేను వద్దన్నానా?" నా చెయ్యి పట్టుకుని లేచింది. "పదమ్మా, టైమైపోతందంట."

నలుగురిలో ఒకరిగా నేను ఆమెను లోపలికి నడిపించాను. అధికారి పేరడిగి, జాబితాలో చూసి, సిరాపెట్టె ముందుకు జరిపాడు. ఆమె కుడిచేతి బొటనవేలు ముంచబోతే ఎడమది అన్నాడు. ఎడమది ముంచి, కాగితం మీద గట్టిగా అదిమి, తీశాక చాలాసేపు ఆ ముద్రనే చూసింది. తర్వాత కృపావతి లేచి నిలబడి ప్రమాణం చదివింది. దైవసాక్షిగా అన్న మాట గట్టిగా చదివింది. గది బయట తలుపు గొళ్లెం వేసిన చప్పుడు వినిపించింది.

సాయంత్రం రేపల్లె స్టేషన్లో తెనాలి ప్యాసింజర్ ఎక్కాను. ఆ ఊరే ఆ లైనుకి చివరి స్టేషను కాబట్టి సీటు దొరుకుతుంది, కాస్త ముందే రండి. కృపావతీ అనూషా ప్రచారానికి నగరం తిరిగి వెళ్లారు. భట్టిప్రోలులో ముంజలు అమ్మే మనిషి ఎక్కాడు. ఎన్నికల్లో మేజరమ్మ గెలుస్తుందా అని మీరు నన్ను అడుగుతారు. దుడ్డూ దండూ ఉన్నవాళ్ల మీద గెలుస్తుందని నేను చెప్పలేను. నామినేషన్ మాత్రం పడింది. వెయ్యనివ్వకూడదనుకున్నవాళ్ల ఆట అక్కడికి ఆగింది. మా సంఘం పెద్దలు ఓటుని బలిపీఠం మెట్ల మీద పెట్టి బేరమాడారని మాత్రం నేను కళ్లారా చూశాను. ఇక్కడా, పైన దేవుడి సభలోనూ, ఎవరడిగినా ఇదే చెప్తాను.

రేపల్లెలో బండి కదిలే ముందు సుందరమ్మ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. వేలికి సిరా ఇంకా పోలేదు. కిటికీలోంచి ఆమెతో ఒక మాట చెప్పాను. వచ్చే నెల సంస్కారపు ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరి రేపల్లె నుంచి మొదటి బండి ఎక్కమన్నాను. తెనాలిలో దిగేసరికి నేను స్టేషన్లో ఉంటాను. రిక్షాలో నేరుగా మా గుడికి తీసుకెళ్లి నా పక్కన మోకరింపజేస్తాను. ముందురోజే మా పాస్టరుగారికి ఇద్దరి పేర్లూ కలిపి చెప్తాను. ఆమె ఎవరో, ఏం చేసిందో, ఏమీ దాచను.

"వాళ్లు కూడా ఇవ్వం అంటే?" అంది సుందరమ్మ.

"నీకివ్వని రొట్టె నాకూ వద్దు" అన్నాను. బండి కదిలింది.